నాలుగు కుర్చీల ఆఫీసు

ఆ ఆఫీసులో కుర్చీలు నాలుగు, మనిషి ఒక్కతే. ఆ ఒక్కతే మా కోడలు.

బోర్డు మాత్రం తలుపుకన్నా వెడల్పు. ప్రాంతీయ వాతావరణ సంసిద్ధతా ప్రణాళికా కార్యాలయం. పెయింటరు అంత పేరునీ ఒక వరసలో ఇరికించలేక చివరి మూడక్షరాలనీ కిందికి దించాడు. నది ఒడ్డునున్న మా ఊరికీ, చుట్టుపక్కల ఎనిమిది పల్లెలకీ వరదొస్తే ఏం చెయ్యాలి, ఎండలు మాడ్చేస్తే ఏం చెయ్యాలి, తాగే నీళ్ళు అడుగంటితే ఏం చెయ్యాలి అన్నది ముందే ఆలోచించి పెట్టడం అక్కడి పని. కాగితం మీద నాలుగు ఉద్యోగాలున్నాయి. ప్రణాళిక రాసేవాళ్ళు ఒకరు, సర్వేయరు ఒకరు, మ్యాపులు గీసేవాళ్ళు ఒకరు, గుమాస్తా ఒకరు. కుర్చీలు నాలుగూ ఒకే బండిలో దిగాయి. మనుషుల్లో మాత్రం ప్రణాళిక రాసే మా కోడలు ఒక్కతే దిగింది. మిగతా మూడు కుర్చీల మీదా ఫైళ్ళు కూర్చున్నాయి.

నేను ఇదంతా చూసింది ఆ వేసవి మొదట్లో, ఒక మధ్యాహ్నం అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు.

"ఈ ముగ్గురూ భోజనానికి వెళ్ళారా అమ్మా?" అన్నాను.

"వాళ్ళింకా పుట్టలేదు మామయ్యా," అంది ఫైల్లోంచి తలెత్తకుండా.

కోడలు మా ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో ఆ పిల్ల నాతో ఆడిన మాటలు రెండే. తిన్నారా, మందేసుకున్నారా. జవాబు కూడా ఒకటే కాబట్టి సంభాషణ ఎక్కడా పొడుగు సాగలేదు. ఇంత చురుకైన నోరు మా ఇంట్లో నాలుగేళ్ళు ఎక్కడ దాక్కుందో అని ఆశ్చర్యపోయి, ఫైళ్ళు ఓ పక్కకి జరిపి కూర్చున్నాను.

గోడ మీద ఊరి మ్యాపు ఉంది. దాని పక్కన ఒక కాగితం మీద పదమూడు వందల అరవై అని రాసి కింద రెండు గీతలు కొట్టి ఉంది.

"అదేంటి?"

"మనూళ్ళో ఇళ్ళు. ఒక్కో ఇంటికీ వెళ్ళి వీధి నుంచి గడప ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. వీధి ఎంత ఎత్తులో ఉందో ఈ మ్యాపులో ఉంది. రెండూ కలిపితే నది ఎంత పెరిగినప్పుడు ఏ ఇంట్లోకి నీళ్ళొస్తాయో తెలుస్తుంది. ముందు మునిగే ఇంటికి ముందు పడవ."

"ఎన్ని పడవలున్నాయి?"

"రెండు."

"కొలిచేదెవరు?"

"సర్వేయరు."

"ఎప్పుడొస్తాడు?"

"ఫైలు నడుస్తోందిట."

వానలు మొదలయ్యేలోగా వరద జాబితా పెద్దాఫీసుకి చేరాలని అప్పుడు చెప్పింది. చేరకపోతే ఈ ఆఫీసుకి తాళం వేసి, రేవు పట్నంలో ఉన్న ఆఫీసులో కలిపేస్తారు. మా నది ఏ వైపు ఒరుసుకుంటుందో ఎరగనివాళ్ళు అక్కడ కూర్చుని మా పడవలు ఎటు వెళ్ళాలో చెబుతారు. జాబితా చేరితే మాత్రం పెద్దాఫీసు నుంచి ఒకాయన సమీక్షకి వస్తాడు. వచ్చే మూడేళ్ళకి ఇక్కడ ఎంతమంది ఉండాలో ఆయన తేలుస్తాడు. ఎనిమిది పల్లెలూ తను బస్సుల్లో తిరిగి కొలుస్తోంది. ఊరే మిగిలింది.

నేను డిగ్రీలో చరిత్ర చదివాను. ఉద్యోగంలో నీళ్ళ మీటర్లు చదివాను, ముప్పై ఒక్క ఏళ్ళు. రెండో చదువే మనుషుల గురించి ఎక్కువ చెప్పింది. రిటైరయ్యాక రోజూ పేపరు రెండుసార్లు చదివి, మూడోసారి చదవబోతుంటే మా ఆవిడ లాక్కునేది.

"ఫైలుని అలా నడవనీ," అన్నాను. "ఊరు నేను నడుస్తాను. ఆ గుమ్మాలన్నీ నావే. కుక్కలు కూడా నన్ను చూసి మొరగవు."

"ఎండలో మీకెందుకు మామయ్యా?"

"నీడలో ఏం చేస్తున్నానో మీ అత్తయ్యని అడుగు."

మర్నాటి నుంచి అంకెలు గీసిన కొలకర్ర ఒకటి, పుస్తకం ఒకటి పట్టుకుని బయల్దేరాను.

జనం నన్ను చూడగానే మీటరు గుంట మూత తీయడానికి వంగేవాళ్ళు. దర్జీ అయితే కుట్టుమిషను ఆపి మరీ వచ్చాడు. "ఏం మీటరయ్యా, నీళ్ళయిపోయాయా, ఇప్పుడు గడపలకి కూడా బిల్లేస్తారా?" అన్నాడు.

"గడపకి కాదు. దాటినప్పుడల్లా వేస్తాం," అన్నాను.

"అయితే మా బావమరిది పేరు మీద వెయ్యి. వాడే ఎక్కువ దాటుతున్నాడు."

అలా నవ్వులాడుతూనే రోజుకి ముప్పై, ముప్పై ఐదు ఇళ్ళు కొలిచేవాణ్ణి. సాయంత్రం ఇల్లే ఆఫీసయ్యేది. మా ఆవిడ కూరలు తరుగుతూ నా పుస్తకంలోని అంకెలు పైకి చదివేది. పడవ ఇంజన్లు బాగుచేసే మా అబ్బాయి చేతుల జిడ్డు కడుక్కొచ్చి వాటిని కంప్యూటర్లో ఎక్కించేవాడు. కోడలు పల్లెల నుంచి దుమ్ముకొట్టుకుని దిగి, ఒళ్ళు కూడా కడుక్కోకుండా వాటిని మ్యాపుతో సరిచూసుకునేది. ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటూ, ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ, నాలుగేళ్ళలో లేనంత సందడి చేశాం. మావాడు 'ఏడు' రాయాల్సిన చోట 'ఒకటి' రాస్తే "ఆ ఇంటివాళ్ళని ముంచేశావు కదయ్యా" అని కోడలు నెత్తిన మొట్టింది. నా ఎదురుగానే. నేను పేపరు చాటున నవ్వుకున్నాను.

నలభై రోజుల్లో ఊరు పూర్తయింది. ఇంకా మూడు వారాల పైన గడువుంది. మునిగే వరసలో ఇళ్ళన్నిటికీ నంబర్లు వేసి, ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పమని ఆ జాబితాని ఆఫీసు తలుపుకి అంటించింది కోడలు. నేను రోజుకొకసారి పని లేకపోయినా అటు వెళ్ళి, చూసేవాళ్ళ వెనకాల నిలబడి గొంతు సవరించుకునేవాణ్ణి.

ఆ గర్వం సరిగ్గా ఐదు రోజులుంది.

పెద్ద వీధిలో రొట్టెల కొట్టు నడిపే ఆవిడని ఊరంతా వదినా అనే పిలుస్తారు. ఆవిడ కన్నా పెద్దవాళ్ళు కూడా. ఆ రోజు రొట్టెలకి వెళితే ఆవిడ నన్ను చూసి, చేతులు నడుముకి పెట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా మీటరయ్యా, వరదొస్తే ముందు మా ఇంటికే పడవ పంపిస్తారటగా. ఎక్కి ఎక్కడికి పోను?"

"నీళ్ళు రాని చోటికి వదినా."

"నీళ్ళు రాని చోటు మా ఇల్లే కదయ్యా. పోయిన వరదకి వలల సందు వాళ్ళందరూ నా మేడ మీదే నాలుగు రోజులున్నారు. వాళ్ళ పిల్లలు తిన్న రొట్టెలకి పిండి చాలక పక్కూరి నుంచి తెప్పించాను. నా గడప కూడా తడవలేదు. అలాంటిది మీ కాగితంలో మేం మొదటి పాతికలో ఉన్నాం, వాళ్ళేమో మూడొందల తర్వాత ఉన్నారు."

"కొలత కొలతే కదా వదినా," అన్నాను కాస్త బిగుసుకుని.

"కొలిచింది నువ్వే కదా. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో నా గుమ్మానికి నాలుగు మెట్లుండేవి. ఇప్పుడెన్నున్నాయో చెప్పు."

వెనక్కి తిరిగి చూశాను. ఒకటిన్నర.

"మిగతావి ఎవరు ఎత్తుకెళ్ళారు?" అన్నాను నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. రోడ్డు మింగింది. వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా దాని నెత్తినే ఇంకో పొర పోసి పోతారు కదా."

చేతిలో రొట్టెల పొట్లం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, డబ్బులిచ్చానో లేదో కూడా తెలియకుండా బయటికొచ్చాను.

ఈ ఊళ్ళో ఆ సంగతి మర్చిపోకూడని మనిషి ఒకడుంటే అది నేనే. ఉద్యోగంలో చేరినప్పుడు పెద్ద వీధిలో మీటర్లు నిలబడే చదివేవాణ్ణి. రోడ్డు మీద ఒక పొర పడ్డాక నడుం వంచాను. రెండో పొరకి మోకాళ్ళ మీద కూర్చున్నాను. రిటైరయ్యే నాటికి గుంటలోకి తల దూర్చి చదవాల్సి వచ్చేది. రోడ్డు ఎంత పెరిగిందో నా నడుముకి తెలుసు. కొలకర్ర పట్టుకున్నాక మాత్రం బుర్రకి తట్టలేదు. గోడ మీది మ్యాపు పన్నెండేళ్ళ నాటిది. అప్పటి వీధి ఎత్తుకి ఇప్పటి రోడ్డు మీద నుంచి కొలిచిన గడప ఎత్తుని కలిపేశాం. దాంతో రోడ్డు పెరిగిన వీధుల్లో ఇళ్ళన్నీ ఉన్నదానికన్నా పల్లంలో ఉన్నట్టు తేలాయి, ముందు వరసలోకి వచ్చాయి. వలల సందు ఏనాడూ తారు మొహం చూడలేదు. అక్కడ కొలత నిజమే, కానీ పక్కవాళ్ళ కొలత తప్పు కావడంతో వాళ్ళు వెనక్కి పోయారు. నది పొంగితే ఉన్న రెండు పడవలూ తడవని ఇళ్ళ ముందు ఆగి హారను కొడతాయి. వలల సందులో అరవై రెండు ఇళ్ళు.

రెండు రోజులు నోరు విప్పలేదు. ఉన్నమాట చెప్పాలి కదా, చెప్పకుండా ఊరుకోవాలని గట్టిగానే అనిపించింది. జాబితా చక్కగా ఉంది. పెద్దాఫీసాయనకి రొట్టెల వదిన మెట్లు ఎలాగూ తెలియవు. ఆఫీసు నిలబడుతుంది, కోడలికి మంచి పేరొస్తుంది, మామయ్య సాయం లేకపోతే అయ్యేది కాదని నలుగురూ అంటారు. నది రాకపోతే అసలు గొడవే లేదు. ఇలా లెక్క వేసుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి, వలల సందు మొదట్లో నిలబడి, చాపల మీద కూర్చుని వలలు అల్లేవాళ్ళని చూసి తిరిగొచ్చేవాణ్ణి. అన్నం సయించలేదు. మా ఆవిడ అరగక అనుకుని వేడినీళ్ళు ఇచ్చింది.

మూడో రోజు సెలవు. మధ్యాహ్నం నలుగురం తింటున్నాం.

"ఆ జాబితా తలుపు మీంచి తీసెయ్యమ్మా," అన్నాను.

కోడలు తలెత్తింది.

చెప్పాను. మెట్ల సంగతి, పొరల సంగతి, నా నడుం సంగతి. మావాడు ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కోడలు కంచం చుట్టూ పడ్డ మెతుకులు ఒక్కొక్కటే ఏరి ఓ పక్కన పెట్టింది.

"ఎంత పెరిగింది మామయ్యా?"

"ఒకచోట జానెడు. ఒకచోట మూరెడు. అన్నిచోట్లా ఒకేలా లేదు."

"మ్యాపు మీద తేదీ ఉంది. నేను చూడలేదు," అంది. "చూసుంటే మిమ్మల్ని అడిగేదాన్ని. రోడ్డు గురించి మీకు తెలుసుగా."

"నాకు తెలిసుండీ కొలిచాను. తప్పు నాది."

"తప్పు ఎవరిదో తర్వాత పంచుకుందాం. ఇంకెన్ని రోజులుంది?"

"పద్దెనిమిది," అంది మా ఆవిడ. గోడ మీది క్యాలెండరు వైపు చూడను కూడా చూడలేదు. ఆవిడకి అన్ని తేదీలూ నోటికొచ్చు.

రోడ్డుతో పని లేకుండా కొలవాలి. నీళ్ళ ఆఫీసు వాళ్ళు పైపులు వేసిన రోజుల్లో ప్రతి వీధి మొదట్లోనూ గోడకి ఒక ఇత్తడి బిళ్ళ కొట్టారు, మట్టం గుర్తు. రోడ్డు ఎంత పెరిగినా గోడకున్న బిళ్ళ పెరగదు. ఏ బిళ్ళ ఎంత ఎత్తులో ఉందో ఆఫీసు పాత పుస్తకంలో దొరికింది. ఇక ఆ బిళ్ళ నుంచి గడప దాకా మట్టం తేవాలి. దానికి మావాడు ఒక తాపీమేస్త్రీ దగ్గర లెవలు గొట్టం అడిగి తెచ్చాడు. నీళ్ళు నింపిన తెల్ల గొట్టం. ఎంత దూరం లాగినా రెండు చివర్లలోనూ నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఒక చివర బిళ్ళ దగ్గర, రెండో చివర గడప దగ్గర పట్టుకుంటే సరి.

"రెండో చివర ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు మావాడు. వాడికి రేవులో పని. కోడలికి పల్లెల్లో కొన్ని వీధులు మళ్ళీ చూసుకోవాలి.

"నేను లేనా?" అంది మా ఆవిడ, చెంగు బొడ్లో దోపుకుంటూ.

పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో మేమిద్దరం అంతసేపు కలిసి వీధుల్లో తిరిగింది ఎప్పుడూ లేదు. పొద్దున్నే వంట ముగించి, తలకి తడిగుడ్డ చుట్టుకుని వచ్చేది. బిళ్ళ దగ్గర నేను, గడప దగ్గర తను.

"మీ వైపు నీళ్ళు ఊగుతున్నాయి," అని అరిచేది.

"నేను కదలట్లేదే."

"మీరు కదలరని నాకు తెలుసు. నీళ్ళ సంగతే చెబుతున్నా."

దర్జీ మిషను ఆపేసి పడీపడీ నవ్వాడు. మర్నాటికి ఆ మాట ఊరంతా పాకింది. ఏ వీధికి వెళ్ళినా ఎవరో ఒకరు "మీటరయ్యా, కదిలావా?" అనేవాళ్ళు. మా ఆవిడ మాత్రం నాకన్నా బాగా పని నేర్చింది. మెట్టు ఎక్కకుండానే గడప చూసి ఎత్తు చెప్పేది, కొలిస్తే వేలు మందం తేడా ఉండేది. నాకు ఇరవై ఇళ్ళు కాగానే కాళ్ళు పీకేవి. తను ముప్పై ఇళ్ళు పూర్తిచేసి ఇంటికెళ్ళి మళ్ళీ వంటింట్లోకి దూరేది. నేను వరండాలో కాళ్ళు చాపుకుని "మంచినీళ్ళు" అనేవాణ్ణి. ఆ వేసవిలో అది నాకు వింతగా తోచలేదు.

వలల సందు, రోడ్డు పడని మిగతా వీధులూ మొదటి కొలతలోనే సరిగ్గా ఉన్నాయి కాబట్టి వాటిని ముట్టుకోలేదు. మిగిలిన వీధులన్నీ పదమూడు రోజుల్లో తెమిలాయి. కొత్త జాబితాలో వలల సందు ఇళ్ళు అరవై రెండూ ముందుకొచ్చి నిలబడ్డాయి. రొట్టెల వదిన తొమ్మిది వందల పైకి వెళ్ళింది. "ఇప్పుడు నాకు నెమ్మదిగా ఉంది" అని నలుగురికీ సరిపోయే రొట్టెలు పంపింది.

ఆ సాయంత్రం మంచి ఊపు మీదున్నాను. అన్నాల దగ్గర కూర్చోగానే మొదలుపెట్టాను.

"ఇంకా ఐదు రోజులుంది. రేపట్నుంచి రేకుల ఇళ్ళు లెక్కపెడతాను. ఎండల భాగం కూడా పూర్తి చేసేద్దాం."

"నిజంగా మామయ్యా? నీళ్ళ భాగానికి బోర్ల లెక్క కూడా ఉంటే..." కోడలి మొహం వెలిగింది.

"బోర్లు నేను చూస్తా, ఆదివారం ఖాళీయే," అన్నాడు మావాడు.

మా ఆవిడ కూర వడ్డిస్తూ అడిగింది. "లెక్కపెడితే?"

"ప్రణాళిక మొత్తం పూర్తవుతుంది."

"పూర్తయితే?"

"పెద్దాఫీసాయన వచ్చి చూసి మెచ్చుకుంటాడు."

"మెచ్చుకుని, ఒక్క పిల్లే ఇంత పని చేసింది, ఇంక ముగ్గురెందుకు అంటాడు," అంది. గొంతులో కోపం లేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

మావాడి కంచంలో కూడా కూర వేసింది.

"పెళ్ళయిన మూడో ఏడు మిమ్మల్నడిగాను, గుర్తుందా?" అంది నావైపు తిరిగి. "మీ అమ్మ మంచంలో ఉంది. వీడు చంకలో ఉన్నాడు. వంట, నీళ్ళు మోత. ఇంకో మనిషిని ఎవరినైనా చూడండి, లేకపోతే మీరైనా ఒక చెయ్యి వెయ్యండి అన్నాను. చూద్దాం అన్నారు. నేను చేస్తూ ఉన్నాను. మీరు చూస్తూ ఉన్నారు. ఏ పనీ ఆగలేదు కాబట్టి మీకేం కనబడలేదు."

గిన్నె కింద పెట్టి తను కూడా కూర్చుంది. "కూర చల్లారిపోతుంది, తినండి."

కోడలు అత్తయ్య వైపే చాలాసేపు చూసింది. మావాడు కంచంలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు. మంచినీళ్ళు అనబోయి, చెంబు దూరంగా ఉంటే నేనే లేచి తెచ్చుకున్నాను.

మర్నాడు అలవాటు కొద్దీ క్యారియరు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. బల్ల మీద ప్రణాళిక ఉంది. వరద భాగం అరంగుళం మందం. ఎండల భాగం తెరిస్తే ఒకే పేజీ, అందులో పైన శీర్షిక, కింద ఒకే వాక్యం ఉన్నాయి. ఈ పనికి మంజూరైన వ్యక్తి ఇంకా చేరలేదు. తాగునీటి భాగంలోనూ అదే.

"ఇదేంటమ్మా, నాలుగు రోజుల్లో నేను..."

"వద్దు మామయ్యా. మీరింక రావద్దు. క్యారియరు కూడా తేవద్దు."

"మరి నీ భోజనం?"

"నేనే తెచ్చుకుంటాను. ప్రాణాల మీదికొచ్చేది వరద. అది నిజాయితీగా పూర్తి చేశాం. ఎండల పని ఏడాది పొడుగునా చేసేది. నాలుగు రోజుల్లో మనం పైపైన నింపేస్తే, వాళ్ళు అయిపోయిందనుకుంటారు."

"ఖాళీ పేజీలు చూసి ఆఫీసు మూసేస్తే?"

"మూసేస్తే మూసేస్తారు." ఆ మాట అని, ఖాళీ పేజీలు మళ్ళీ ఒకసారి తెరిచి చూసుకుంది. నాకు అప్పుడు అర్థమైంది, అది భయం లేక అన్న మాట కాదని.

జాబితా గడువులోగా చేరింది. సమీక్షకొచ్చినాయన లావుగా, మర్యాదగా ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ కుర్చీ కోసం చూశాడు. మూడింటి మీదా ఫైళ్ళున్నాయి. కోడలు తన కుర్చీ ఆయనకిచ్చి తను నిలబడింది. నన్ను ఎందుకు పిలిపించిందో అప్పటికి నాకు తెలియదు. తలుపు దగ్గర గోడకి ఆనుకున్నాను.

ఆయన వరద భాగం అంతా ఓపిగ్గా చదివాడు. మెచ్చుకోలుగా తలూపాడు. తర్వాత ఒక పేజీ దగ్గర ఆగాడు. అందులో మా మొదటి కొలత ఎలా తప్పిందో, ఎందుకు తప్పిందో, ఎన్ని ఇళ్ళ వరస తారుమారైందో దాచకుండా రాసి ఉంది.

"ఇదెందుకు రాశారమ్మా? దిద్దుకున్నారు కదా. రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"మిగతా ప్రాంతాల ఆఫీసులు కూడా ఇదే పాత మ్యాపు వాడుతున్నాయి సార్. వాళ్ళ రోడ్లు కూడా పెరిగే ఉంటాయి."

ఆయన మళ్ళీ ఆ పేజీ మొదటి నుంచీ చదివాడు. ఈసారి వేలు పెట్టి.

చివర్లో, పని చేసినవాళ్ళు అని ఒక పేజీ ఉంది. ప్రణాళికాధికారిణి, జీతంతో. విశ్రాంత మీటరు రీడరు, జీతం లేకుండా, యాభై మూడు రోజులు. గృహిణి, జీతం లేకుండా, పగలు పదమూడు రోజులు, సాయంత్రాలు నలభై. పడవ మెకానిక్, జీతం లేకుండా, సాయంత్రాలు యాభై మూడు.

"వీళ్ళు?"

"మా ఇంట్లోవాళ్ళు సార్."

"అదృష్టవంతులు," అన్నాడాయన నవ్వి. "ఇంత మంచి ఇల్లుంటే వచ్చే ఏడు మిగతా రెండు భాగాలూ ఇలాగే..."

"వాళ్ళు రారు సార్," అంది కోడలు.

ఆయన నావైపు చూశాడు. కోడలు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది. నాకు రావాలనే ఉంది. ఆ వీధులూ, ఆ నవ్వులూ, ఆ కొలకర్రా లేకపోతే మళ్ళీ పేపరు మూడుసార్లు చదువుకోవాలి. రెండు నెలలు నేనొక పనికొచ్చే మనిషిని.

"రారా?" అన్నాడాయన.

"రానండి," అన్నాను. "ఇంట్లో పనుంది."

ఆయన ఏ మాటా ఇవ్వలేదు. ఖాళీ పేజీలు రెండింటి అంచులూ మడిచి, ప్రణాళిక సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పన్నెండు రోజులు మా ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

మొదటి వానతో పాటు ఇద్దరు దిగారు. మోకాళ్ళ దాకా బూట్లేసుకున్న సర్వేయరు అమ్మాయి, చెవి మీద పెన్సిలు పెట్టుకున్న మ్యాపులతను. గుమాస్తా ఫైలు ఇంకా నడుస్తోందిట. ఆ అమ్మాయి వీధిలో మట్టం చూసుకుంటుంటే నేను చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాను. బిళ్ళ ఎక్కడుందో వెతుక్కుంటోంది. చెప్పడానికి నాలుక దురద పెట్టింది. నిమిషంలో తనే కనిపెట్టింది.

ఆ నెలాఖరుకే నది పెరిగింది. పొద్దున్న తొమ్మిదింటికల్లా పడవలు రెండూ వలల సందులోకి వెళ్ళాయి. ముసలివాళ్ళనీ, పసిపిల్లలనీ ముందు దించాయి. మధ్యాహ్నం మూడింటికి సందులో మోకాలి లోతు నీళ్ళొచ్చేసరికి అరవై రెండు ఇళ్ళలోనూ మనిషి లేడు. సగంమంది రొట్టెల వదిన మేడ మీదే ఉన్నారు. ఈసారి పిండి ముందే చేరింది, ఆ సంగతి కూడా ప్రణాళికలో ఉంది. పెద్ద వీధిలో గడపలు తడవలేదు. దర్జీ మిషను ఆపకుండా కుడుతున్నాడు.

నేను వరండాలో కూర్చుని ఇదంతా వచ్చేపోయేవాళ్ళ నోట వింటున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. ఐదున్నరకి, ఇంకా వెలుతురుండగానే, గొడుగు ముడుచుకుంటూ కోడలు మెట్లెక్కింది.

"అదేంటే, నది పొంగిన రోజున ఇంత తొందరగా వచ్చేశావు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూస్తూ.

"నా వంతు అయిపోయింది అత్తయ్యా. ఇప్పుడు సర్వేయరు చూసుకుంటుంది. పొద్దున్న మళ్ళీ నేను."

చెప్పులు విప్పి, తడిసిన కాళ్ళు చాపుకుని, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మా ఆవిడ తనని చూస్తూ గుమ్మంలో అలాగే నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చింది. చేతిలోని గరిటె నా చేతిలో పెట్టి, వెళ్ళి కోడలి పక్కన చతికిలబడింది.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. కూర కాస్త అడుగంటింది. ఇద్దరూ ఏ వంకా పెట్టకుండా, వేడివేడిగా తిన్నారు.